ఈకల వెంబడి నడిచిన సూది: మార్క్ కేట్స్‌బీ పక్షి చిత్రాలు

1720లలో అమెరికాలోని కారొలినా అడవుల్లో మొక్కలు, పక్షుల కోసం తిరుగుతున్న ఇంగ్లిష్ వాడు మార్క్ కేట్స్‌బీకి లండన్ నుంచి ఒక పేచీ వచ్చి పడింది. ఆయన ప్రయాణానికి డబ్బు పెట్టిన పెద్దమనుషులు ఎవరి వాటా వాళ్ళకు పంపమంటున్నారు. విత్తనాలు, ఎండబెట్టిన మొక్కలు అంటే సరే, బొమ్మలు కూడా కావాలట. దాతల్లో ముఖ్యుడైన హాన్స్ స్లోన్‌కు కేట్స్‌బీ ఉత్తరం రాశాడు. చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ బొమ్మలు పంపాల్సి ఉంటుందని తాను అనుకోలేదనీ, వాటిని తలా కొన్ని పంచేస్తే తాను తలపెట్టిన పనే చెడిపోతుందనీ అందులో చెప్పుకున్నాడు. బొమ్మలన్నీ ఒకచోట ఉంటే వాటిని చెక్కించి, ఆ దేశపు పక్షులకూ జంతువులకూ ఒక చరిత్ర అచ్చు వేయాలన్నది ఆయన పథకం.

డబ్బిచ్చే చేతికి ఎదురు చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. దక్షిణ కారొలినా గవర్నర్ ఫ్రాన్సిస్ నికల్సన్ ఏడాదికి 20 పౌండ్లు ఇస్తానన్నాడు. మిగతాది స్లోన్, వృక్షశాస్త్రజ్ఞుడు విలియం షెరార్డ్ లాంటివాళ్ళ చందాలు. వాళ్ళకు కోపం వస్తే కేట్స్‌బీ ఆ అడవిలోనే చిక్కుకుపోతాడు. అయినా పట్టు వదల్లేదు. ఆ పట్టుదల లేకపోతే ఆ బొమ్మలు నాలుగైదు ధనికుల ఇళ్ళ బీరువాల్లోకి చేరి, చూసినవాళ్ళు ముచ్చటపడే వస్తువులుగా మిగిలేవి. పుస్తకం కావడం వల్లే అవి సాక్ష్యాలయ్యాయి. ఈ పక్షి ఇలా ఉంది, ఇక్కడ ఉంది, ఇది తింటోంది అని చూడని మనిషికి కూడా చూపించే సాక్ష్యాలు. కేట్స్‌బీ గొప్పదనం బొమ్మల అందంలో కంటే ఈ సాక్ష్యం కోసం ఆయన చేసిన ఎంపికల్లోనే ఎక్కువ ఉంది.

ఆయన 1683లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో పుట్టాడు. చిత్రకళలో శిక్షణ లేదు. 1712లో వర్జీనియాలో కాపురం ఉంటున్న అక్క ఎలిజబెత్ దగ్గరికి వెళ్ళి ఏడేళ్ళు ఉండిపోయాడు. ఆ ఏడేళ్ళూ పద్ధతిగా ఏమీ చేయలేదనీ, ఎండు మొక్కలు కొన్ని, మట్టి తొట్లలో బతికున్న మొక్కలు కొన్ని స్నేహితులకు పంపుతూ తన సరదా తీర్చుకున్నాననీ తరవాత ఆయనే రాసుకున్నాడు. 1719లో తిరిగివచ్చినప్పుడు తెచ్చిన మొక్కలూ బొమ్మలూ షెరార్డ్ కంటబడ్డాయి. దాంతో 1722లో రెండో ప్రయాణం కుదిరింది. చార్ల్స్‌టన్ నుంచి మొదలుపెట్టి కారొలినా తీరం, నదుల ఎగువ ప్రాంతాలు, ఆ తరవాత బహామా దీవులు చూసుకుని 1726లో లండన్ చేరాడు.

అప్పటికి యూరప్‌లో పక్షుల పుస్తకాలు లేకపోలేదు. ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రజ్ఞులు విల్లబీ, రే కలిసి చేసిన పక్షిశాస్త్ర గ్రంథం 1676లో లాటిన్‌లో, 1678లో ఇంగ్లిష్‌లో వచ్చింది. పక్షుల్ని పద్ధతిగా వర్గీకరించడంలో అది గట్టి పుస్తకం. బొమ్మలు మాత్రం రంగు లేనివి. ఒక పేజీలో మూడు నాలుగు పక్షులు, చాలావరకు పక్కకు తిరిగి, కొయ్యబారి నిలబడి ఉంటాయి. ఏ చెట్టు మీద వాలుతుంది, ఏం తింటుంది అన్న సంగతి బొమ్మలో ఉండదు. చచ్చిన పక్షిని చూసి గీస్తే అంతకంటే ఎక్కువ రాదు కూడా. పక్షి చచ్చిన కొన్ని గంటల్లోనే కంటి రంగు, కాళ్ళ రంగు, ముక్కు మొదట్లో ఉండే లేత చర్మం రంగు మారిపోతాయి. ఈకలు కొంతకాలం నిలుస్తాయి. ఒంటి తీరు, మెడ తిప్పే పద్ధతి అసలు నిలవవు.

ఈ ఇబ్బందిని కేట్స్‌బీ ఎలా ఎదుర్కొన్నాడో ఆయన ముందుమాటలో ఉంది. మొక్కల్ని కోసిన వెంటనే, తాజాగా ఉన్నప్పుడే గీశానన్నాడు. పక్షుల్ని, ఏవో కొన్ని తప్ప, బతికుండగానే గీసి ఒక్కో జాతికి ఉండే ప్రత్యేకమైన కదలికను ఇచ్చానన్నాడు. చేపలతోనే ఆయనకు పెద్ద చిక్కు వచ్చింది. నీళ్ళలోంచి తీయగానే వాటి రంగులు వెలిసిపోతాయి. అందుకని ఒకటి పాలిపోగానే అదే జాతిది ఇంకోటి తెప్పించుకుంటూ, విడతలు విడతలుగా ఒకే బొమ్మ పూర్తిచేశాడు. రంగుల డబ్బా, కాగితాలు, ఎండబెట్టిన మొక్కలు, విత్తనాలు అన్నీ ఒక పెట్టెలో. ఆ పెట్టె మోయడానికి స్థానిక అమెరికన్ తెగల మనిషిని కూలికి పెట్టుకున్నాడు. వాళ్ళు వేటాడి తెచ్చిందే తన తిండి అనీ, వాన కమ్ముకొస్తుంటే తననూ తన సరుకునూ తడవకుండా కాపాడటానికి ముందు చెట్టు బెరడుతో గుడిసె కట్టేవారనీ కృతజ్ఞతగా రాశాడు. ఆ గుడిసె నిలబడకపోతే బొమ్మలు ఉండేవి కావు. నీటిరంగులు వానకు ఆగవు.

పుస్తకంలో మొదటి చిత్రం తలతెల్ల గద్దది. అమెరికా జాతీయ చిహ్నంలో కనబడే గద్ద అదే. దాన్ని కొమ్మ మీద కూర్చోబెట్టి గీయొచ్చు, కానీ అలా చేయలేదు. ఆకాశంలో ఒక చేప కిందికి పడుతోంది. గద్ద కాళ్ళు చాచి దాని మీదికి దూకుతోంది. పైన దూరంగా చేపల డేగ చిన్నగా కనబడుతుంది. చేపను పట్టుకున్నది ఆ డేగ. గద్ద వెంటపడి తరిమితే వదిలేసింది. ఒక పక్షి బతుకుతెరువంతా ఒక్క పేజీలో ఉంది.

బ్లూ జే బొమ్మ ఇంకా నిదానంగా చూడదగ్గది. కారొలినాల్లో ఉంటున్న తెలుగువాళ్ళకు ఈ పిట్ట బాగా తెలుసు. పెరట్లో గింజలు పెడితే అన్నిటికంటే ముందు గోల చేసుకుంటూ వచ్చేది ఇదే. కేట్స్‌బీ దాన్ని నల్లటి కాయలున్న ఒక తీగ మీద నిలబెట్టాడు. తల మీద జుట్టు నిక్కబొడుచుకుని ఉంది, నోరు తెరిచి అరుస్తోంది, ఒళ్ళంతా ముందుకు వంగి ఉంది. నీలం రెక్కల మీద నల్లటి అడ్డచారలు, వాటి చివర తెల్లటి మచ్చలు, మెడ చుట్టూ నల్లటి పట్టీ, అన్నీ వేటికవి విడివిడిగా లెక్కపెట్టుకునేట్టు ఉంటాయి. అయితే పక్షికి బరువు లేదు. వెలుగు ఒక పక్కనుంచి పడి ఇంకో పక్క నీడ ఏర్పడటం లేదు. తీగ కూడా కాగితం మీద పరిచినట్టే ఉంటుంది. లోతు తెలియదు.

దీన్ని చేతకానితనంగా చూసినవాళ్ళు ఉన్నారు. కేట్స్‌బీ కూడా తాను చిత్రకారుడిగా పెరిగినవాణ్ణి కాదనీ, దూరం దగ్గర చూపించే లెక్కల్లో తప్పులుంటే మన్నించమనీ అడిగాడు. కానీ ఆ వెంటనే ఇంకో మాట అన్నాడు. చదునుగా, అయితే కచ్చితంగా గీసిన బొమ్మ ప్రకృతి శాస్త్రానికి, నేర్పరి చిత్రకారుడి గట్టి కుంచె పని కంటే ఎక్కువ పనికొస్తుందని తన అభిప్రాయమన్నాడు. దీన్ని వినయంగా తీసుకుని వదిలేస్తే అసలు వాదన జారిపోతుంది. నీడ పెడితే పక్షికి గుండ్రదనం వస్తుంది, నిజమే. కానీ నీడలో ఉన్న ఈక రంగు ఏమిటో చూసేవాడికి తెలియదు. అది నలుపా, ముదురు నీలమా, కేవలం నీడా? గుర్తుపట్టడానికి వాడే బొమ్మలో ఆ సందేహం ఉండకూడదు. పక్షుల్ని గుర్తుపట్టడానికి వెంట తీసుకెళ్ళే ఇప్పటి ఫీల్డ్ గైడ్‌లలో పక్షులు కూడా దాదాపు నీడలు లేకుండా, పక్కకు తిరిగి, గుర్తులన్నీ కనబడేలా ఉంటాయి. కారణం ఇదే.

రంగుల విషయంలోనూ ఆయన పట్టింపు అదే. తళతళలాడే రంగులు కొన్ని ఉంటాయనీ, చూడ్డానికి బాగున్నా సహజంగా ఉండవనీ, త్వరగా వెలిసిపోతాయనీ వాటిని పక్కన పెట్టేశాడు. ముఖ్యంగా ఆకుపచ్చల్లో ప్రకృతికి దగ్గరగా ఉండి నిలిచేవే ఎంచుకున్నాడు.

లండన్ చేరాక అసలు కష్టం మొదలైంది. నీటిరంగుల బొమ్మ ఒక్కటే ఉంటుంది. పుస్తకం కావాలంటే దాన్ని రాగిరేకు మీదికి ఎక్కించాలి. పారిస్‌కో ఆమ్‌స్టర్‌డామ్‌కో వెళ్ళి మంచి పనివాళ్ళ చేత చెక్కిద్దామని ముందు అనుకున్నాడు. ఖర్చు తలకు మించినది. అప్పుడు జోసెఫ్ గూపీ అనే చిత్రకారుడు ఎచింగ్ నేర్పాడు. రాగిరేకు మీద మైనం లాంటి పూత పూస్తారు. సూదితో గీస్తే గీసినచోట పూత పోయి రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ఉంచితే బయటపడిన చోట మాత్రమే తినేసి గాడి పడుతుంది. ఆ గాడుల్లో సిరా నింపి, పైన తుడిచేసి, తడి కాగితం పెట్టి ప్రెస్‌లో నొక్కితే అచ్చు వస్తుంది. ఆ నల్లగీతల అచ్చు మీద ఒక్కో కాపీకీ చేత్తో రంగులు వేయాలి.

నీడ చూపించడానికి రాగి చెక్కేవాళ్ళకు ఒక అలవాటైన పద్ధతి ఉంది. గీతల మీద అడ్డంగా గీతలు గీసి గళ్ళు కడతారు. గళ్ళు ఎంత దగ్గరైతే నీడ అంత ముదురు. కేట్స్‌బీ దీన్ని వద్దనుకున్నాడు. ఈక ఎటు వాలితే అటే సూదిని నడిపించాననీ, ఇది ఎక్కువ శ్రమ అనీ, తన పనికి మాత్రం ఇదే సరైనదని నమ్ముతున్నాననీ రాశాడు. ఆ ముద్రల్ని పెద్దవి చేసి చూస్తే ఈ మాట అర్థమవుతుంది. రొమ్ము మీద గీతలు పొట్టిగా, మెత్తగా, ఒకదాని మీద ఒకటి పడుతూ ఉంటాయి. రెక్కలో పొడుగు ఈకల మీద మధ్య కాడ నుంచి రెండు వైపులా ఏటవాలుగా దిగుతాయి. గళ్ళు కట్టి ఉంటే పక్షి ఒంటి మీద వల కప్పినట్టుండేది. ఇక్కడ గీత పోయే దారే ఈక పోయే దారి. శిక్షణ ఉన్నవాడైతే నేర్చుకున్న పద్ధతిని ఇంత తేలికగా వదిలేసేవాడు కాదేమో.

మొత్తం 220 చిత్రఫలకాలు. అందులో పక్షులు 109. ఏవో రెండు మూడు తప్ప రాగిరేకులన్నీ ఆయనే చెక్కాడు. 20 చిత్రాలకు ఒక భాగం చొప్పున 1729 నుంచి విడుదల చేస్తూ పోతే అనుబంధంతో సహా పూర్తయ్యేసరికి 1747 వచ్చింది. రంగులు వేసిన భాగం రెండు గినీలు (గినీ అప్పటి ఇంగ్లిష్ బంగారు నాణెం), వేయనిది ఒక గినీ. రంగులు వేసే పని కూడా చాలావరకు ఆయనే చేశాడు, లేదంటే దగ్గరుండి చేయించాడు. పీటర్ కాలిన్సన్ అనే స్నేహితుడు వడ్డీ లేకుండా పెద్ద మొత్తం అప్పివ్వకపోతే ప్రచురణకర్తల చేతుల్లో పడాల్సి వచ్చేదే. 1749లో చనిపోయాడు. అంటే ఆ పుస్తకం పూర్తయ్యాక బతికింది రెండేళ్ళు.

పక్షికి పక్కన మొక్కను పెట్టడం అన్నది కేట్స్‌బీ పుస్తకాన్ని మిగతావాటి నుంచి వేరు చేసేది. వీలైన చోటల్లా పక్షిని అది తినే మొక్కతో గానీ, దానికి ఏదో ఒక సంబంధం ఉన్న మొక్కతో గానీ జత చేశానన్నాడు. కారొలినా చిలక సైప్రస్ చెట్టు కొమ్మ మీద ఉంటుంది, ఎందుకంటే ఆ గింజలు తింటుంది. ప్యాసెంజర్ పావురానికి ఓక్ కొమ్మ, దాని తిండి ఓక్ కాయలు. ఈ ఆలోచన పూర్తిగా ఆయనదే అనలేం. సురినామ్ పురుగుల మీద 1705లో పుస్తకం వేసిన మరియా సిబిల్లా మెరియన్, గొంగళిపురుగుల్ని అవి తినే మొక్కల మీద పెట్టి గీసింది. స్లోన్ దగ్గర ఆమె చిత్రాలుండేవి. పురుగుల దగ్గర మెరియన్ చేసిన పనిని పక్షుల దాకా తెచ్చింది కేట్స్‌బీ. పక్షిని దాని పరిసరంతో కలిపి చూడాలనే మాట ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. 1730లలో అది మామూలు సంగతి కాదు.

అయితే ఈ జతల్ని గుడ్డిగా నమ్మితే పొరపాటు పడతాం. ఫ్లెమింగో తల వెనక నల్లటి కొమ్మల చెట్టులా కనబడేది చెట్టు కానే కాదు. సముద్రం అడుగున పెరిగే పగడం జాతి జీవి. ఫ్లెమింగో దాని మీద వాలదు, దాన్ని తినదు. అడవిదున్న లాంటి బైసన్ పక్కన పెట్టిన చెట్టు కొమ్మ దున్నతో సమానంగా ఉంటుంది. ఇక్కడ పేజీ అందం గెలిచింది, రాగిరేకులో మిగిలిన చోటు కూడా గెలిచి ఉండొచ్చు, ఎందుకంటే మొక్కలకు వేరే రేకులు చెక్కితే ఖర్చు రెట్టింపు. ఏ జత చూసి వేసింది, ఏ జత సర్దుబాటు అన్నది తేల్చుకోవడానికి బొమ్మ చాలదు. పక్కనున్న వ్యాఖ్యానం చదవాలి. ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండు వరసల్లో పక్కపక్కన అచ్చయిన ఆ వ్యాఖ్యానాన్ని వదిలేసి, బొమ్మల్ని మాత్రం విడదీసి గోడలకు తగిలించుకోవడం తరవాతి కాలంలో వాటికి జరిగిన పెద్ద అన్యాయం.

బొమ్మా మాటా కలిసి నడిస్తే ఏం దొరుకుతుందో వరిపిట్ట చూపిస్తుంది. ఇప్పుడు బొబొలింక్ అంటారు. కేట్స్‌బీ దాన్ని వరి వెన్నుతో కలిపి గీశాడు. సెప్టెంబర్‌లో కారొలినా వరి పాలు పోసుకునే వేళకు ఈ పిట్టలు లెక్కలేనన్ని దిగి, మూడు వారాలు ఉండి, పంటను ఊడ్చుకుపోయేవి. పాలకంకి మీద పిట్టలు పడితే రైతుకు ఎంత టెన్షనో గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎవరినడిగినా చెబుతారు. కారొలినాలో ఆ వరిని పండించింది ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు. ఆ పంట ఆ నేలకు వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. కొత్త పంట వచ్చిందని పిట్టలకు ఎలా తెలిసింది అన్నది కేట్స్‌బీని వెంటాడిన ప్రశ్న.

1725 సెప్టెంబర్‌లో బహామాల్లో ఆండ్రోస్ దీవి దగ్గర ఓడ డెక్ మీద పడుకుని ఉండగా, వరసగా మూడు రాత్రులు ఆ పిట్టల గుంపులు తలపైనుంచి పోవడం విన్నాడు. కూత తెలుసు కాబట్టి గుర్తుపట్టాడు. రాత్రిపూట, సముద్రం మీదుగా, గుంపులుగా పక్షులు వలసపోతాయనడానికి ఇది చెవులతో విన్న సాక్ష్యం. శీతాకాలంలో పిచ్చుకలంత పక్షులు గుహల్లోనో చెరువుల అడుగునో నిద్రపోతాయని చదువుకున్నవాళ్ళే నమ్ముతున్న కాలం అది. అంతకు కొన్ని దశాబ్దాల ముందు చార్ల్స్ మోర్టన్ అనే ఇంగ్లిష్ పండితుడు పక్షులు చంద్రుడి మీదికి పోతాయని రాశాడు. పక్షులు దూరదేశాలకు పోతాయనీ, వెచ్చదనం, తిండి వెతుక్కుంటూ పోతాయనీ చెబుతూ కేట్స్‌బీ రాసిన వ్యాసం రాయల్ సొసైటీ పత్రికలో 1747లో వచ్చింది. దాని వెనక ఆ ఓడ డెక్ ఉంది.

విన్నది సరిగ్గానే విన్నాడు. దిక్కు దగ్గర తప్పాడు. క్యూబాలో ముందుగా పండిన వరి తినేసి ఉత్తరంగా కారొలినాకు పోతున్నాయనుకున్నాడు. నిజానికి బొబొలింక్‌లు ఉత్తర అమెరికా పచ్చికబయళ్ళలో పిల్లల్ని పెట్టి, శరత్కాలంలో దక్షిణ అమెరికాకు పోతాయి. కారొలినా వాటికి దారిలో ఆగే మజిలీ. ఇంకో తప్పు ఇంతకంటే ఆసక్తికరం. శరత్కాలంలో వచ్చేవన్నీ ఆడపిట్టలేనని రాశాడు. ఊహించి రాయలేదు. వంటకు సిద్ధం చేసిన పిట్టల్ని పదులకొద్దీ కోసి లోపల చూశాడు, అనుమానం లేకుండా మళ్ళీ మళ్ళీ చూశాడు. ఒక్క మగది కూడా దొరకలేదు. కారణం ఏమిటంటే, వసంతంలో నలుపు, తెలుపు, లేత పసుపు రంగులతో మెరిసే మగ బొబొలింక్ పిల్లల్ని పెంచే కాలం అయిపోగానే ఈకలు రాల్చి ఆడదాని గోధుమరంగు చారలు వేసుకుంటుంది. వృషణాలు కూడా కంటికి ఆననంత కుంచించుకుపోతాయి. కోసి చూసినా దొరకనంత బాగా దాక్కున్న నిజం ఇది. ఇలాంటి తప్పు చేయడానికి కూడా చాలా దగ్గరగా చూసి ఉండాలి.

ఆడపక్షుల సంగతి ఆయన పుస్తకంలో పెద్ద లోటు. రంగులు బాగుంటాయని చాలా జాతుల్లో మగపక్షినే గీశాడు. ఆడదానికి రెండు మాటల వర్ణనతో సరిపెట్టాడు. 109 పక్షులకూ రెండేసి బొమ్మలంటే ఖర్చు తట్టుకోలేడు, అది నిజమే. కానీ ఈ అలవాటు ఆయన తరవాత కూడా చాలాకాలం సాగింది. గూడు కట్టి గుడ్లు పొదిగే పక్షి ఎలా ఉంటుందో తెలియకుండానే ఆ జాతిని తెలుసుకున్నామని అనుకోవడం శాస్త్రానికి మంచిది కాదు.

అన్నీ కళ్ళారా చూసి గీశాననే మాటకు కూడా మినహాయింపులున్నాయి. 1585లో అమెరికా తీరంలోని రోనోక్ దీవికి వెళ్ళిన జాన్ వైట్ గీసిన బొమ్మల నకళ్ళు స్లోన్ దగ్గర ఉండేవి. ఒక సీతాకోకచిలుకతో సహా కొన్నిటిని కేట్స్‌బీ వాటి నుంచి పేరు చెప్పకుండా ఎత్తి రాశాడు. ఇందుకు ఆయన్ను వెనకేసుకు రావాల్సిన అవసరం లేదు. అదే మనిషి ఇంకోచోట, తనకు తెలియనిది ఎవరి నుంచి తెలిసిందో నిజాయితీగా చెప్పాడు. కారొలినాలో స్టోనో అనేచోట నేల తవ్వితే పెద్ద జంతువు దంతాలు మూడు నాలుగు బయటపడ్డాయి. ఆఫ్రికాలో పుట్టిన బానిసలు చూసి, ఇవి ఏనుగు దవడపళ్ళు అని అందరూ ఒకే మాట అన్నారు. అవి ఏనుగు చుట్టమైన మామత్ జాతివని తరవాత తేలింది. లండన్ పండితుల కంటే ముందు సరైన మాట చెప్పింది ఆ బానిసలు. వాళ్ళ పేర్లు మాత్రం పుస్తకంలో లేవు.

పేర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి మన తీరం గురించి కూడా చెప్పుకోవాలి. కేట్స్‌బీ తానే చూసి, తానే గీసి, తానే చెక్కాడు. అర్ధశతాబ్దం తరవాత కోరమాండల్ తీరంలో ఈ పనులు విడిపోయాయి. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ మొక్కల మీద 1795 నుంచి వెలువరించిన 300 చిత్రఫలకాలకూ, విశాఖపట్నం చేపల మీద పాట్రిక్ రస్సెల్ 1803లో వేసిన 200 చిత్రాలకూ మూలం గీసింది ఇక్కడి చిత్రకారులు. నీళ్ళలోంచి తీయగానే వెలిసిపోయే చేప రంగుల్ని పట్టుకోవడమనే అదే చిక్కును విశాఖ ఒడ్డున ఎదుర్కొన్న ఆ చేతుల్ని ఈరోజు పేరు పెట్టి చెప్పుకోలేం. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ 1843–47 మధ్య మద్రాసులో 50 పక్షి చిత్రాల పుస్తకం వేశాడు. ఆయనా భారతీయ చిత్రకారుల మీదే ఆధారపడ్డాడు. ఆయన ఒకసారి గుర్తింపు కోసం పంపిన పక్షుల చర్మాలు స్కాట్లాండ్‌లో పక్షిశాస్త్రజ్ఞుడు విలియం జార్డిన్ ఇంటికి చేరేసరికి చిమ్మటలు పట్టి పాడైపోయాయి. బొమ్మకు ఉన్న విలువ అక్కడ తెలుస్తుంది. అది కుళ్ళదు, పురుగు పట్టదు, వంద కాపీలై వంద చోట్లకు పోతుంది.

ఆ వంద చోట్లలో స్వీడన్ ఒకటి. అక్కడి ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ అమెరికా ఎప్పుడూ వెళ్ళలేదు. అయినా 1758లో జంతువులకు రెండు మాటల పేర్లు స్థిరపరిచినప్పుడు, అమెరికా పక్షుల్లో పెద్ద భాగానికి కేట్స్‌బీ బొమ్మల్నే ఆధారం చేసుకున్నాడు. బ్లూ జే, ఎర్ర కార్డినల్ అలాంటివే. అంటే శాస్త్రం దృష్టిలో ఆ జాతి ఏదని అడిగితే వేలు పెట్టి చూపించాల్సింది ఒక నీటిరంగుల బొమ్మ నుంచి వచ్చిన ముద్రను. కాబట్టే ఆ మచ్చ ఎక్కడుంది, ఆ పట్టీ ఎంత వెడల్పు అన్నది అంత ముఖ్యం. మూల చిత్రాలను 1768లో మూడో జార్జ్ రాజు 120 పౌండ్లకు కొన్నాడు. అవి ఇప్పటికీ విండ్సర్‌లోని రాజ గ్రంథాలయంలో ఒకేచోట ఉన్నాయి. స్లోన్‌కు రాసిన ఉత్తరంలో ఆయన కోరుకున్నది అదే.

ఆయన గీసిన వాటిలో కొన్ని ఇప్పుడు లేవు. ప్యాసెంజర్ పావురాలు వర్జీనియాలో మూడు రోజులపాటు తెగకుండా సాగిపోవడం చూశానన్నాడు. అవి వాలితే ఓక్ కొమ్మలు బరువుకు విరిగేవి. వాటిలో చివరిది 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో చచ్చిపోయింది. దంతం రంగు ముక్కున్న పెద్ద వడ్రంగి పిట్ట గంట రెండు గంటల్లో కుంచెడు చెక్కపొట్టు రాల్చగలదనీ, ఉత్తరాది తెగల నాయకులు కిరీటాల్లో పెట్టుకోవడానికి ఒక్కో ముక్కుకు రెండు మూడు జింకతోళ్ళు ఇచ్చి కొంటారనీ రాశాడు. ఆ పిట్టను అందరూ ఒప్పుకునేలా చివరిసారి చూసింది 1944లో. బొమ్మలో నల్లటి ఒళ్ళు, ఎర్రటి జుట్టు, తెల్లటి ముక్కు ఉన్నాయి. దాని వెల మాత్రం పక్కనున్న మాటల్లోనే ఉంది.

కారొలినా చిలకల్లో చివరిది కూడా అదే సిన్సినాటి జూలో 1918 ఫిబ్రవరిలో పోయింది. సైప్రస్ కొమ్మ మీద ఆకుపచ్చ ఒళ్ళు, పసుపు తల, ముఖం మీద నారింజ ఎరుపుతో కేట్స్‌బీ గీసిన చిలకకు రాసిన వ్యాఖ్యానంలో ఒక చిన్న వాక్యం ఉంది: దీని పేగులు తింటే పిల్లులు వెంటనే చచ్చిపోతాయి. చాలాకాలం దాన్ని పల్లెటూరి కబురుగా చూడటానికి వీలుండేది. ఈ చిలకలు విషం ఉన్న కాకుల్‌బర్ ముళ్ళకాయల గింజల్ని ఇష్టంగా తింటాయని తరవాతి పరిశీలకులు రాశారు. దాచి ఉంచిన ఒక చిలక శరీరం నుంచి దాని జన్యుపటాన్ని చదివిన పరిశోధకులు 2019 చివర్లో ఫలితాలు ప్రకటించారు. ఆ విషపు తిండిని తట్టుకోవడానికి తోడ్పడి ఉండగల మార్పులు దాని జన్యువుల్లో కనబడ్డాయి. చాలాకాలంగా క్షీణిస్తూ వచ్చిన జాతిలో కనబడే దగ్గరి రక్తసంబంధాల జాడలు మాత్రం లేవు. అది త్వరగా, మనుషుల వల్లే అంతరించిందని వాళ్ళు తేల్చారు.